ధారపోసిన మేక

ఓన్ టిన్ ఇంకా రాని మేక కోసం దొడ్డి కట్టింది.

నీళ్ళ పండుగకు అప్పటికి నెలన్నర ఉంది. ఎండకు నేల నెర్రెలిచ్చి, రేగుకంప కూడా బూడిదరంగుకు తిరిగిన రోజులు. ఆమె వాగు అవతలికి పోయి తుమ్మకంప నరుక్కొచ్చి ఇంటి వెనక చుట్టూ పాతింది. మధ్యలో తాటాకు కప్పు వేసింది. కప్పు కింద మోకాలెత్తున వెదురు మంచె అమర్చింది. మా ఊళ్ళో మేకలకు మంచె ఎవరూ కట్టరు. టౌను ఆఫీసునుంచి వచ్చే సూ లత్ అనే అమ్మాయి పాఠం చెబుతున్నప్పుడు మేమంతా తలలూపి, ఆమె స్కూటరు మలుపు తిరిగేలోగా మరచిపోయిన సంగతి అది. ఓన్ టిన్ మరచిపోలేదు.

"చూడక్కా," అంది నన్ను చెయ్యిపట్టి లాక్కెళ్ళి. "పెంటికలన్నీ కిందికి రాలిపోతాయి. తడి ఉండదు. గిట్టలు కుళ్ళవు."

"మేకకి మేడ కట్టావు కదే."

"మరి నీ ఇంటి పిల్ల కదా వచ్చేది. ఎక్కడ పెడుతున్నానో నువ్వు కళ్ళారా చూసుకోవాలిగా."

ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూనే మంచెను రెండు చేతులతో పట్టుకుని కదిపి చూశాను. కదల్లేదు. లోపల సన్నగా ఏదో గుచ్చుకుంది. అప్పుడు దాన్ని పట్టించుకోలేదు. చాలా రోజుల తర్వాత, నేను చేసిన పని ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెనక్కి నడిచినప్పుడు, అది అక్కడే, ఆ మంచె దగ్గరే దొరికింది.

మాది తాటిచెట్ల మీద బతికే ఊరు. మగవాళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నిచ్చెనలెక్కి గెలలు గీసి ముంతలు దింపుతారు. ఆడవాళ్ళం తీపికల్లు కాచి బెల్లం చేస్తాం. వానలు పడితే నువ్వులు వేస్తాం. మూడేళ్ళలో ఒక ఏడు నువ్వులు చేతికొస్తాయి. మిగతా రెండేళ్ళూ ఇరావతి వైపు కూలికి పోయేవాళ్ళు పోతారు. ఉండేవాళ్ళు రోజుకో పూట తగ్గించుకుంటారు.

ఆఫీసువాళ్ళు మా ఆడవాళ్ళలో పదిమందిని జట్టు కట్టించారు. మొదట ఐదుగురికి రెండేసి ఆడమేకలు ఇచ్చారు. వాటికి పుట్టిన మొదటి ఆడపిల్లను, పాలు మరిచాక, జాబితాలో తర్వాతి ఆమెకు ఇవ్వాలి. ఆమె మేకకు పుట్టింది ఆ తర్వాతి ఆమెకు. అంతే నియమం. సూ లత్ అది చెప్పిన రోజున ప్వా అవ్వ చుట్ట నోట్లోంచి తీసి అడిగింది:

"మేకలిచ్చారు, బాగుంది తల్లీ. అవి మేయడానికి ఆకు కూడా మీ ఆఫీసులోనే మొలుస్తుందా?"

"వాన పడితే మొలుస్తుంది అవ్వా."

"అయితే ఆ వానకి కూడా ఒక జాబితా రాయండి. మా ఊరి పేరు పైన పెట్టండి."

అందరూ నవ్వారు. సూ లత్ కూడా నవ్వి, నవ్వుతూనే పేర్లు రాసుకుంది. నా పేరు న్యున్ యీ. నా కింద ఓన్ టిన్. ఆమె కింద చీ మా.

ఓన్ టిన్ మొగుడు పచ్చరాళ్ళ గనులకు పోయి నాలుగేళ్ళయింది. మొదటి ఏడు రెండు కబుర్లొచ్చాయి. తర్వాత ఏమీ లేదు. ఆమె చెల్లెలు రోడ్డు పనికి పోయింది. తారు పొగ పీల్చి దగ్గుతూ వచ్చి, కాస్త తేరుకోగానే మళ్ళీ పోయింది. ఓన్ టిన్‌కు అదంటే భయం. నాతో చాలాసార్లు అంది: "మేక వస్తే ఉంటానక్కా. రాకపోతే ఈ ఏడు నేనూ ఆ తారు డబ్బాల దగ్గరికే."

"ఒక్క మేకతో ఏం బతుకుతావే?"

"ఒకటి ఏడాదికి రెండవుద్ది. రెండు మూడవుతాయి. మనిషి ఊళ్ళో ఉండటానికి ఒక సాకు కావాలి కదక్కా. నాకు మొగుడు సాకు లేదు, పొలం సాకు లేదు."

ఆమె ఉండాలని నాకూ ఉండేది. ఊళ్ళో నేను పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా ఉండగలిగిన మనిషి ఆమె ఒక్కతే.

నా మేకల్లో ఒకటి ఆ చలికాలంలోనే ఈనింది. ఒళ్ళంతా తెలుపు, ఎడమ చెవి ఒక్కటే నలుపు, ఆడపిల్ల. అది నా వెంట బావికొచ్చేది, పొయ్యి దగ్గర పడుకునేది. నీళ్ళ పండుగ అయ్యాక కొత్త సంవత్సరం రోజున దాన్ని ఓన్ టిన్‌కు అప్పగించాలని జట్టులో అనుకున్నాం.

పండుగకు మూడు వారాల ముందు నా భర్త బ సిన్ చెట్టుమీంచి పడ్డాడు.

ఆయన పైకెక్కగానే ఒక కేక పెట్టేవాడు. కింద స్నానం చేస్తున్న ఆడవాళ్ళెవరైనా ఉంటే సర్దుకోవాలని. ఆ కేకకు కింద నుంచి ప్వా అవ్వ, "నన్ను చూడ్డానికైతే ఎక్కక్కర్లేదురా, కిందనుంచే చూడు!" అని అరిచేది. ఆ సాయంత్రం కేక వినిపించింది. అవ్వ అరిచింది. చాలాసేపటి తర్వాత మెత్తటి చప్పుడొకటి వినిపించింది, తడిసిన గోనెసంచి కింద పడేసినట్టు.

నేను బెల్లం బాన దగ్గర ఉన్నాను. పాకం ముదిరే వేళ. ఆ చప్పుడేమిటో నాకు తెలిసింది. తెలిసి కూడా ముందు పొయ్యిలోని రెండు కట్టెలు బయటికి లాగాను. ఆ తర్వాతే పరుగెత్తాను. పాకం మాడిపోకూడదని చేతులకు ఉన్న అలవాటు అది. అయినా ఆ రెండు కట్టెల వేడి ఇప్పటికీ నా అరచేతుల్లో ఉంది.

టౌను ఆసుపత్రి వరండాలో రెండు రాత్రులు గడిచాయి. నడుము విరిగింది, తుంటి విరిగింది అన్నారు. జ్వరం దిగలేదు. రెండోరోజు తెల్లవారుతుండగా గోడకు ఆనుకుని చేతులు జోడించి మొక్కుకున్నాను. ఒక ప్రాణాన్ని విడిచిపెడతాను, ఈ ప్రాణాన్ని నిలబెట్టండి అని. ఏ ప్రాణం? నా నోటికి వచ్చింది నల్లచెవిది.

మొక్కుకునే మనిషి మనసులోకి ఏది ముందొస్తే అది వస్తుంది, అందులో తప్పేముంది అని నాకు నేను చెప్పుకున్నాను. పెద్ద మేకలు రెండూ వైద్యానికి అమ్మాలి కదా, మిగిలింది అదొక్కటే కదా అని కూడా చెప్పుకున్నాను. కానీ ఆ క్షణంలో నేను ఏ మేకనూ అమ్మాలని అనుకోలేదు. ఆ ఆలోచన మర్నాడు వచ్చింది. కారణం మొక్కు తర్వాత పుట్టి, మొక్కుకు ముందు పుట్టినట్టు వచ్చి కూర్చుంది.

మా దగ్గర కొత్త సంవత్సరం రోజున ప్రాణులను విడిచిపెట్టడం ఎప్పటినుంచో ఉన్నదే. చెరువు ఎండుతుంటే చేపలను నదికి చేరుస్తారు. ముసలి ఎద్దులను కాడి విప్పి వదిలేస్తారు. మఠంలో గురువుగారు మంత్రం చదువుతారు, విడిచిపెట్టేవాళ్ళు గిన్నెలోకి నీళ్ళు ధారపోస్తారు. ఆ తర్వాత ఆ ప్రాణిని అమ్మకూడదు, కొనకూడదు, కొయ్యకూడదు. అది ఎవరిదీ కాదు. ఆ పుణ్యాన్ని పంచుకోవడానికి అక్కడున్న అందరూ "సాధు" అని మూడుసార్లు అనాలి. ఎవరి దానానికైనా సరే, వింటే అనాలి.

ఆ ఉదయం నల్లచెవి దానికి స్నానం చేయించాను. మెడకు ఎర్రటి గుడ్డపేలిక కట్టాను. బ సిన్‌ను మంచం మీదే మఠానికి మోసుకొచ్చారు. నేను ఓన్ టిన్ ఇంటికి వెళ్ళలేదు. ఆమెకు చెప్పలేదు. వెళ్ళాలని రోజూ అనుకున్నాను, రోజూ ఆయనకు మందు తాగించే వేళ అయింది.

ఓన్ టిన్ వచ్చింది. అప్పగింత పండుగపూట మఠం దగ్గరే అనుకుని ఉంటుంది. తాటినార పేనిన కొత్త తాడు భుజం మీద వేసుకుని వచ్చింది.

"ఏమే ఓన్ టిన్," అంది ప్వా అవ్వ, "నీ మేక పెళ్ళికూతురులా తయారైందే! పల్లకీ తెచ్చావా?"

ఓన్ టిన్ ఎర్ర పేలికను చూసింది. గురువుగారి ముందున్న నీళ్ళ గిన్నెను చూసింది. తర్వాత నన్ను చూసింది. అవ్వ చుట్ట ఆర్పి లుంగీ మడతలో దోపుకుని తలవంచుకుంది.

గురువుగారు చదువుతున్నారు. నేను చెంబు వంచి ధార పోస్తున్నాను. నీళ్ళు సన్నగా, ఆగకుండా పోయాలి. ధార ఒక్కసారీ తెగలేదు. అది నాకు ఆశ్చర్యంగా ఉంది. అందరూ నన్నే చూస్తున్నారు. కష్టంలో కూడా ప్రాణదానం చేస్తున్న మనిషిని చూసినట్టు చూస్తున్నారు. ఆ చూపు వెచ్చగా తాకింది. జాబితా ప్రకారం ఇచ్చి ఉంటే ఆ చూపు నాకు దొరికేది కాదు. జాబితా ప్రకారం ఇస్తే అది ఓన్ టిన్ మేక అయ్యేది, అంతే. ఇవ్వవలసిన దాన్నే నేను దానం చేస్తున్నాను.

"సాధు," అన్నారంతా.

వెనక వరుసలో నిలబడ్డ సూ లత్ చేతిలోని పుస్తకం చంకలో పెట్టుకుని చేతులు జోడించింది. ఆమెదీ మా మతమే.

"సాధు."

నేను ఒక్క గొంతు కోసమే వింటున్నాను. అది రాకూడదని కోరుకున్నాను. రాకపోతే ఆమె నామీద కోపంగా ఉన్నట్టు. కోపంగా ఉంటే నేను తట్టుకోగలను.

మూడోసారి, అందరూ అనేశాక, కాస్త ఆలస్యంగా వచ్చింది.

"సాధు."

బయటికొచ్చాక నేనే ఆమె దగ్గరికి వెళ్ళాను. "ఓన్ టిన్, చెప్పే తీరిక లేక..."

"బావ బతకాలక్కా. అంతే."

"వచ్చే కాన్పులో పిల్ల నీదే. ఒట్టు."

"పెద్దవి రెండూ మొన్ననే అమ్మేశారట కదా," అంది. దెప్పడానికి అనలేదు. నేను మరచిపోయాననుకుని గుర్తుచేసినట్టు అంది.

సూ లత్ మర్నాడు పుస్తకం తెరిచి నా పేరు పక్కన కలం పెట్టి చాలాసేపు ఆగింది. "ఇక్కడ ఏం రాయను అక్కా? చచ్చిపోయిందని రాయడానికి గడి ఉంది. ఎవరో ఎత్తుకుపోయారని రాయడానికి ఉంది. దీనికి గడి లేదు."

"ఖాళీగా ఉంచు తల్లీ," అంది ప్వా అవ్వ. "ఖాళీ అంటే మాకు అలవాటే."

వానలు రాలేదు. మేఘాలు వచ్చి, మా ఊరి మీద ఆగి, కొండ దాటి పోయాయి. నువ్వులు రెండాకులేసి వాడిపోయాయి. మరో విడత మేకలు అడుగుతామని సూ లత్ చెప్పింది. ఆఫీసు ఆ ఏడు వేరే ఊళ్ళకు పోయింది. రోడ్డు పని లారీ వచ్చిన ఉదయం ఓన్ టిన్ ఒక మూట, ఒక కుండ పట్టుకుని నా వాకిట్లో ఆగింది.

"దొడ్డి కంప, మంచె విప్పుకుని పొయ్యిలో పెట్టుకోక్కా. బావకి వేడినీళ్ళకి పనికొస్తుంది."

"ఉండవే," అన్నాను. "ఎలాగో ఒకలా చూద్దాం."

"ఎలాగక్కా?"

నేను నిజంగా ఆలోచించాను. ఆమె నేను ఆలోచిస్తున్నంతసేపు ఓపిగ్గా నిలబడింది. లారీవాడు హారన్ కొట్టాడు.

బ సిన్ మంచంలోంచి రోజూ అడిగేవాడు: "అది తిరుగుతోందా?"

"తిరుగుతోంది."

"దానికి ప్రాణం పోసిన వాళ్ళం. నాకో కాలు ఇమ్మని దాన్నే అడుగు. దానికి నాలుగున్నాయి."

వానాకాలం సగం గడిచాక, వాన లేకుండానే, ఆయన పోయాడు. నల్లచెవిది తిరుగుతూనే ఉంది. ఎవరి కంచె మేసినా ఎవరూ కొట్టరు. సాయంత్రమైతే పోయి ఓన్ టిన్ కట్టిన మంచెమీద పడుకునేది. అందులో విశేషం ఏమీ లేదు, మేకలకు ఎత్తు ఇష్టం. కానీ నేను నీళ్ళకు పోయేటప్పుడు ఆ దారి మానేసి చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టాను.

ఒకరోజు గురువుగారిని అడిగాను. "నాది కానిదాన్ని ధారపోస్తే పుణ్యం ఉంటుందా?"

ఆయన నా ముఖంలోకి చూశారు. "ఆ మేక ఎవరిది?"

"నా ఇంట్లో పుట్టింది."

"అది నేను అడగలేదు."

నేను చెప్పాను. "ఆ రోజు చెప్పాల్సింది," అన్నారాయన. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. నా పుణ్యం చెల్లక బ సిన్ పోయాడా అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు. అవునంటే ఎలా బతకాలో తెలియదు. కాదంటే, ఇదంతా ఊరికే జరిగిందన్నమాట. అదింకా భయం.

మరుసటి ఎండాకాలానికి నల్లచెవిది చూడిదైంది. మంచె పక్కన, తుమ్మకంప నీడలో ఈనింది. ఒక్కటే పిల్ల. ఆడది. నేను మళ్ళీ మఠానికి పోయాను.

"నువ్వు నీళ్ళు పోసింది ఒక్క ప్రాణానికి," అన్నారు గురువుగారు. "ఈ పిల్లకు కాదు."

పాలు మరిచేదాకా ఆగాను. ఆ నాలుగు నెలలు నేను ఆ పిల్లకు ముద్దుపేరు పెట్టలేదు, పొయ్యి దగ్గరికి రానివ్వలేదు. తర్వాత దాన్ని గంపలో పెట్టి, గుడ్డ కప్పి, బస్సెక్కాను. ఓన్ టిన్ ఎక్కడుందో ఆమె చెల్లెలు కబురు పంపింది. రోడ్డు ఎంతవరకు పడితే వాళ్ళ గుడిసెలు అంతవరకు జరుగుతాయి. రెండుచోట్ల దిగి అడిగి, మూడోచోట పట్టుకున్నాను.

ఆమె నెత్తిమీద కంకరతట్టతో వస్తోంది. తలకు, మూతికి గుడ్డ. కళ్ళను బట్టి గుర్తుపట్టాను. తట్ట దింపి, గుడ్డ విప్పి, "అక్కా," అంది. గొంతులో చెల్లెలి దగ్గు వచ్చి చేరింది.

రేకు కప్పిన గుడిసె ముందు కూర్చున్నాం. గంపమీద గుడ్డ తీశాను. పిల్ల తల బయటికి పెట్టింది.

"నల్లచెవి దానికి పుట్టింది," అన్నాను. "గురువుగారిని అడిగాను. ఇది ధారపోసింది కాదు. ఇది నీదే."

ఆమె పిల్ల గడ్డం కింద వేలితో రాసింది. నోరు తెరిచి పళ్ళు చూసింది. గిట్టలు ఎత్తి చూసింది. ఏమీ మరచిపోలేదు.

"బాగుంది. ముందుముందు పొదుగు కూడా బాగుంటుంది, తల్లి పోలిక."

"నీ మంచె అలాగే ఉంది. నేను విప్పలేదు. లేవే, పోదాం. సాయంత్రం బస్సుంది."

ఆమె నవ్వబోయి దగ్గింది. దగ్గు ఆగేదాకా నేల చూస్తూ ఉంది.

"మళ్ళీ సాధు అనమంటావా అక్కా?"

నేను గంపమీది గుడ్డ మడతపెట్టసాగాను.

"ఆ రోజు మఠంలో అందరూ నీ పుణ్యానికి అన్నారు. నేనూ అన్నాను. నిజంగానే అన్నానక్కా, మనసులో తిట్టుకోలేదు. బావ మంచంలో అలా ఉంటే ఎలా తిట్టను? ఆ తర్వాత ప్రతిరోజూ నిన్ను బావి దగ్గర చూశాను. చూసిన ప్రతిసారీ మంచిదానిలా ఉన్నాను. రాత్రి పడుకుంటే ఒళ్ళంతా నొప్పులు, ఈ కంకర మోసినా అంత నొప్పులు లేవు."

"తిట్టవే. ఇప్పుడు తిట్టు."

"ఇప్పుడు రావట్లేదు," అంది. "ఊరికొస్తే మళ్ళీ నిన్ను రోజూ చూడాలి. నువ్వు నాకు మేకనిచ్చిన మనిషివై ఉంటావు. నేను మళ్ళీ మంచిదాన్ని కావాలి. నాకు ఓపిక లేదక్కా."

రోలరు చప్పుడు దగ్గరికొచ్చి దాటిపోయింది. పిల్ల భయపడి ఆమె ఒళ్ళోకి దూరింది. ఆమె దాని వీపు నిమురుతూ అలాగే కూర్చుంది. గుడిసెకూ పక్కనున్న తారు డబ్బాల కుప్పకూ మధ్య తాడు కట్టి ఉంది. తాటినార తాడు. దానిమీద ఆమె రెండో లుంగీ, ఎవరిదో చొక్కా ఆరుతున్నాయి.

"జాబితాలో నా తర్వాత ఎవరు?"

"చీ మా."

"దానికి మంచె కట్టడం రాదు. నాది చూపించు." పిల్లను తనే ఎత్తి గంపలో పెట్టి, గుడ్డ కప్పి, ఊపిరాడటానికి ఒక మూల వదులు చేసింది. "తొందరగా బస్సెక్కు. దానికి దాహమేస్తుంది."

మేస్త్రీ పిలిచాడు. ఆమె మూతికి గుడ్డ కట్టుకుని తట్ట ఎత్తుకుంది. వెనక్కి తిరిగి చూస్తుందని నేను నిలబడ్డాను. ఆమె రాళ్ళ మీద అడుగులు చూసుకుంటూ నడిచింది.

ఊరు చేరేసరికి చీకటి పడుతోంది. గంప దింపకుండానే చీ మా ఇంటికి వెళ్ళాను. ఆమె పిల్లను చూసి, నన్ను చూసి, ఏమీ అర్థం కాక, అలవాటుకొద్దీ రెండు చేతులూ జోడించి నోరు తెరవబోయింది.

"అనకు," అన్నాను. "ఇది దానం కాదు."